వేప పేటెంటు కన్నా ముందు పప్పుడబ్బా: గింజల నిల్వ చరిత్ర

వేప మీద ఏ ప్రశ్న వచ్చినా మన జవాబు దాదాపు ఒకే అచ్చులో ఉంటుంది. డబ్ల్యూ.ఆర్. గ్రేస్ అనే అమెరికా కంపెనీకి వేప మీద పేటెంటు దక్కింది, భారత్ వైపు నుంచి పోరాటం జరిగింది, 2005లో గెలిచాం, కాబట్టి సంప్రదాయ జ్ఞానాన్ని కాపాడుకోవాలి. మధ్యలో బయోపైరసీ అనే మాట ఒకటి. మార్కులు పడతాయి కూడా. కానీ యూరప్‌లో రద్దయిన ఆ పేటెంటు శీర్షిక ఒక్కసారి చదవండి. అది మొక్కల మీద శిలీంధ్రాలను వేపనూనెతో అదుపు చేసే పద్ధతికి ఇచ్చింది. పురుగుల కోసం ఇచ్చింది కాదు.

మన ఇళ్లలో వేప తరతరాలుగా చేసిన పెద్ద పనుల్లో ఒకటి దాచిన గింజను పురుగు నుంచి కాపాడటం. ఆ పనికి వేరే చరిత్ర ఉంది. అది కోర్టులో మొదలవ్వదు, గాదెలోనూ పప్పుకుండలోనూ మొదలవుతుంది. జీఎస్ పేపర్ 3 సిలబస్‌లో వ్యవసాయోత్పత్తుల నిల్వ, మేధో సంపత్తి హక్కులు రెండూ ఉన్నాయి. ఈ రెండూ ఒకే చోట కలిసే అంశం ఇది, కనుక కాస్త ఓపికగా చదవండి.

ముందు శత్రువును చూద్దాం. పెసలు, అలసందలు, శనగలు, కందులు దాచినప్పుడు గుండ్రని చిల్లులు పడి పుచ్చిపోవడం మీరు చూసే ఉంటారు. దానికి కారణం పప్పుపురుగు. శాస్త్రీయ నామం కల్లోసోబ్రుకస్. చైనెన్సిస్, మాక్యులేటస్ అనే రెండు జాతులు మన దగ్గర ముఖ్యమైనవి. ఇది బియ్యంలో తిరిగే ముక్కుపురుగు లాంటిది కాదు. ఆడపురుగు గింజ పైపొర మీద గుడ్డును జిగురుతో అతికిస్తుంది. పిల్లపురుగు బయటికి రాకుండా గుడ్డు అడుగు నుంచే నేరుగా గింజలోకి తొలుస్తుంది. లోపలే తిని, లోపలే పెరిగి, రెక్కల పురుగై చిల్లు చేసుకుని బయటపడుతుంది. వేడి వాతావరణంలో ఈ చక్రం సుమారు నెల రోజుల్లో పూర్తవుతుంది. బయటపడ్డ పురుగుకు తిండి అవసరం కూడా లేదు. వారం, రెండు వారాలు బతికి, జతకట్టి, గుడ్లు పెట్టి చస్తుంది.

ఒక ఆడపురుగు నూరు గుడ్ల దాకా పెట్టగలదు. లెక్క కోసం నలభై బతికాయనుకోండి, అందులో సగం ఆడవి. నెలకు నలభై, రెండో నెలకు ఎనిమిది వందలు, మూడో నెలకు పదహారు వేలు. మాఘంలో నూర్చిన పెసలను ఆషాఢంలో విత్తుకోవాలంటే మధ్యలో నాలుగైదు నెలలున్నాయి. పైగా ఈ పురుగు ఇంట్లో పుట్టదు, పొలంలో కాయ మీదే గుడ్డు పెట్టి గింజతో పాటు ఇంటికి వస్తుంది. అందుకే ఎంత శుభ్రమైన కుండలో పోసినా పురుగు కనిపిస్తుంది. గింజలోంచే పురుగు పుడుతుందని పాతవాళ్లు నమ్మారంటే వాళ్లను తప్పుపట్టలేం. చూసేవాళ్లకు జరిగేది అలాగే కనిపిస్తుంది.

ఇప్పుడు కాలంలో వెనక్కి వెళదాం. పెసర, ఉలవ దక్షిణ భారత నవీన శిలాయుగ ప్రజల ప్రధాన పంటలు. బళ్లారి దగ్గరి సంగనకల్లు వంటి చోట్ల వీటి మాడిన గింజలు తవ్వకాల్లో దొరికాయి. అంటే పప్పుధాన్యాలను ఒక పంట నుంచి మరో పంట దాకా దాచుకోవడం ఈ నేల మీద నాలుగు వేల ఏళ్ల పాత సమస్య. లిఖిత ఆధారం కావాలంటే అర్థశాస్త్రం చూడండి. సీతాధ్యక్షుడి అధ్యాయంలో విత్తనాల సంస్కారం ఉంది. ధాన్యపు విత్తనాలను ఏడు రాత్రులు మంచుకూ పగలు ఎండకూ పెట్టాలని, కాయధాన్యాలకు మూడు రాత్రులు చాలని చెబుతుంది. రెంటికీ వేర్వేరు లెక్క ఇవ్వడం గమనించండి. అయితే ఇక్కడ వేప లేదు. ప్రాచీన గ్రంథాల్లో అన్నీ ఉన్నాయి అనే వాక్యం రాసే ముందు ఈ తేడా గుర్తుంచుకోవాలి. గ్రంథం విత్తనాన్ని ఎండబెట్టమంది. వేపాకు వేయమన్నది ఇంట్లో ఆడవాళ్లు, వాళ్ల మాటను ఏ అధ్యక్షుడూ గ్రంథానికి ఎక్కించలేదు.

ఆ ఇళ్లలో జరిగింది ప్రాంతాన్ని బట్టి మారుతుంది. మన దగ్గర ధాన్యం పురుల్లో, గాదెల్లో, పాతరల్లో ఉండేది. గింజల మధ్య వేపాకు, వావిలాకు, కానుగాకు పొరలు పొరలుగా వేసేవారు. విత్తనపు కుండలో పిడకల బూడిద కలిపి మూతికి మట్టి మెత్తేవారు. కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టడం తెలుగు, కన్నడ, తమిళ ప్రాంతాలు మూడింటిలోనూ కనిపిస్తుంది. పప్పు పగలగొట్టడానికి ముందు కూడా ఇదే ఎర్రమట్టి వాడతారు, పొట్టు తేలిగ్గా ఊడుతుంది. కందిపప్పుకు ఆముదం పట్టించడం గురించి చెప్పనక్కర్లేదు, మీ ఇంట్లో అమ్మమ్మను అడగండి. (ఆముదపు గింజలోని రైసిన్ అనే విషం నూనెలోకి రాదు, పిండిలోనే ఉండిపోతుంది. ఈ ప్రశ్న నాకు చాలా కాలం ఉండేది.) ఇంకోటి, పప్పు చేసి దాచడమే ఒక రక్షణ. ఈ పురుగుకు గుడ్డు పెట్టడానికి నునుపైన నిండు గింజ కావాలి, పొట్టు తీసిన బద్ద అంత అనుకూలం కాదు.

నూనె ఎందుకు పనిచేస్తుందన్నది ఇంజినీరింగ్ చదివినవాళ్లకు నచ్చే భాగం. వ్యవసాయ ప్రయోగాల్లో తరచూ కనిపించే మోతాదు కిలో గింజలకు 5 మిల్లీలీటర్లు, అంటే ఒక చిన్న చెంచా. పెసరగింజ బరువు 40 మిల్లీగ్రాములు, అడ్డుకొలత 4 మిల్లీమీటర్లు అనుకుంటే కిలోకు 25 వేల గింజలు. వాటి మొత్తం ఉపరితలం దాదాపు ఒకటింబావు చదరపు మీటరు. చెంచాడు నూనెను అంత మేర పరిస్తే పొర మందం 4 మైక్రాన్ల దగ్గర తేలుతుంది, తల వెంట్రుకలో పదిహేనో వంతు కన్నా తక్కువ. ఆ పలుచని పొరే గుడ్డుకు గాలి ఆడకుండా చేస్తుంది, గుడ్డు గింజకు సరిగా అతుక్కోకుండా చేస్తుంది. ఈ పని ఏ నూనె అయినా కొంతవరకు చేస్తుంది, వేపనూనే కానక్కర్లేదు. వేపలో అదనంగా ఉన్నది చేదు పదార్థాల గుంపు. అవి పురుగు తిండిని, పెరుగుదలను, గుడ్లు పెట్టడాన్ని దెబ్బతీస్తాయి. అందులో ముఖ్యమైన అజాడిరాక్టిన్ ఎండకు త్వరగా విరిగిపోతుంది. పొలంలో పిచికారీకి ఇది పెద్ద లోపం. చీకటి కుండలో మాత్రం అంత ఇబ్బంది లేదు.

ఒక హెచ్చరిక కూడా. మొక్క నుంచి వచ్చిందంటే సురక్షితమని రాసేయకండి. వస కొమ్ము పొడి పప్పుపురుగు మీద బలంగా పనిచేస్తుంది, దానిలోని బీటా అసరోన్ పురుగులను వంధ్యం చేస్తుంది. అదే పదార్థం క్యాన్సర్ కారకమనే అనుమానంతో అమెరికా 1968లో వసను ఆహారంలో వాడకుండా నిషేధించింది. విత్తనానికి కలిపేది వేరు, తినే పప్పుకు కలిపేది వేరు. వేపనూనె వాసన, చేదు కూడా తినే పప్పుకు అడ్డే. ఇళ్లలో తినే పప్పుకు ఆముదం, విత్తనానికి వేప, బూడిద అనే విభజన కనిపించడానికి కారణం ఇదే అని నా అభిప్రాయం.

బ్రిటిష్ పాలనలో కీటకశాస్త్రం ప్రభుత్వ శాఖ అయింది. 1905లో బీహార్‌లోని పూసాలో వ్యవసాయ పరిశోధనా సంస్థ మొదలైంది. మాక్స్‌వెల్ లెఫ్రాయ్ 1906లో భారతదేశపు చీడపురుగుల మీద పుస్తకం ప్రచురించాడు. 1934 భూకంపంలో పూసా భవనం కూలాక సంస్థ 1936లో ఢిల్లీకి మారింది, ఈనాటి ఐఏఆర్ఐ అదే. కానీ పాలకుల దృష్టి ఎగుమతి పంటల మీద, గోధుమ, పత్తి మీద ఎక్కువ. స్వాతంత్ర్యం తర్వాత కూడా ఈ వంపు పోలేదు, దిశ మాత్రం మారింది. 1956లో అమెరికాతో పీఎల్ 480 ఒప్పందం, 1965లో భారత ఆహార సంస్థ, తర్వాత హరిత విప్లవం. ప్రభుత్వం కొన్నది, దాచింది, పంచింది ప్రధానంగా గోధుమ, బియ్యం. గోదాములు, పొగబెట్టే విషవాయువులు, శిక్షణ అన్నీ వాటి చుట్టూనే అల్లుకున్నాయి. పప్పుధాన్యాలు రైతు ఇంట్లో, వ్యాపారి కొట్టులో మిగిలాయి.

ఈ నిర్లక్ష్యానికి రెండు ఫలితాలున్నాయి. మొదటిది తెలిసిందే. తలసరి పప్పు లభ్యత 1951లో రోజుకు సుమారు 60 గ్రాములుంటే 2010 నాటికి 35 గ్రాముల దగ్గరికి దిగింది. దీనికి నిల్వ నష్టం ఒక్కటే కారణం కాదు, దిగుబడులు పెరగకపోవడం అసలు కారణం. కానీ అంత తక్కువ ఉన్నచోట పుచ్చిపోయిన ప్రతి కిలో లెక్కకొస్తుంది. రెండోది మనం సాధారణంగా రాయం: ప్రభుత్వం చూడని చోటే ఆకు, నూనె, బూడిద పద్ధతులు బతికి ఉన్నాయి. వరి, గోధుమ నిల్వలో అవి దాదాపు వెనకబడిపోయిన రోజుల్లో కూడా పప్పుకుండలో కొనసాగాయి.

ఇప్పుడు ప్రయోగశాలల్లోకి వెళదాం. 1942లో సలీముజ్జమాన్ సిద్దిఖీ వేపనూనె నుంచి మూడు చేదు పదార్థాలను వేరుచేసి కరెంట్ సైన్స్ పత్రికలో ప్రకటించాడు. వాటికి నింబిన్, నింబినిన్, నింబిడిన్ అని పేర్లు పెట్టాడు. సర్పగంధ నుంచి అజ్మలీన్ తీసిన రసాయన శాస్త్రవేత్త కూడా ఇతడే. 1951లో పాకిస్తాన్ వెళ్లి అక్కడి శాస్త్ర పరిశోధనా మండలిని నిర్మించాడు. వేప రసాయన శాస్త్రం తొలి పేజీ ఇలా దేశ విభజనకు ముందరిది, రెండు దేశాలదీ.

తర్వాతి మలుపు 1962. ఐఏఆర్ఐలో ఎస్. ప్రధాన్, ఎం.జి. జోత్వానీ, బి.కె. రాయ్ వేపగింజల పప్పును నీటిలో కలిపి పంట మీద చల్లితే మిడతలు దాన్ని తినవని చూపి, ఇండియన్ ఫార్మింగ్ పత్రికలో రాశారు. రేచెల్ కార్సన్ సైలెంట్ స్ప్రింగ్ వచ్చింది కూడా అదే ఏడాది. ఎస్సే పేపర్‌లో ఈ రెంటినీ పక్కపక్కన పెట్టవచ్చు, కానీ ఒకటి మరోదానికి కారణమని రాయకండి. మిడతల ప్రయోగం అందరికీ గుర్తుంది. నాకు మాత్రం దాని తర్వాత వచ్చిన చిన్న పరిశోధనా వ్యాసాలే ముఖ్యంగా కనిపిస్తాయి. జోత్వానీ, సర్కార్ 1965లో గోధుమ విత్తనం మీద, 1967లో పప్పుధాన్యాల విత్తనాల మీద వేపగింజల పొడిని పరీక్షించి ఇండియన్ జర్నల్ ఆఫ్ ఎంటమాలజీలో ప్రచురించారు. రెండోదానిలో శత్రువు మన పప్పుపురుగే. నూటికి ఒకటి రెండు పాళ్ల పొడి కలిపితే నెలల తరబడి రక్షణ దొరికిందని తేలింది. ఇంటి పద్ధతికి మొదటిసారి కొలత వచ్చింది: ఎంత పొడి, ఎన్ని గింజలకు, ఎన్నాళ్లు. ఇళ్లలో ఆకు వేసేవారు; పరిశోధకులు ఎక్కువ శక్తి ఉన్న గింజను తీసుకున్నారు. అందుకే దీన్ని సంప్రదాయానికి సైన్స్ ముద్ర వేయడం అని రాస్తే సగమే సరి. వాళ్లు సంప్రదాయాన్ని సవరించారు కూడా.

1968లో ఇంగ్లండ్‌లోని కీల్ విశ్వవిద్యాలయంలో బటర్‌వర్త్, మోర్గాన్ అజాడిరాక్టిన్‌ను వేరుచేశారు. దాని నిర్మాణం పూర్తిగా తేలడానికి 1980ల మధ్య దాకా పట్టింది. ప్రయోగశాలలో మొదటి నుంచీ తయారు చేయడానికి స్టీవెన్ లే బృందానికి 22 ఏళ్లు పట్టి 2007లో పూర్తయింది. చెట్టు ఊరికే ఇచ్చే పదార్థం అది.

ఇక్కడ పేటెంట్లు ప్రవేశిస్తాయి. 1970 నాటి మన పేటెంట్ల చట్టం మందులకు ఉత్పత్తి పేటెంటు ఇవ్వలేదు, ఆ నిర్వచనంలో పురుగుమందులూ ఉన్నాయి. మన శాస్త్రవేత్తలు తమ ఫలితాలను పత్రికల్లో ప్రచురించారు. అమెరికాలో రాబర్ట్ లార్సన్ అనే కలప దిగుమతిదారు 1985లో వేపగింజల సారానికి పేటెంటు పొందాడు. తర్వాత ఆ హక్కులను గ్రేస్ కంపెనీకి అమ్మాడు. ఆ ద్రావణం సీసాలో చెడిపోకుండా నిల్వ ఉండే పద్ధతి మీద గ్రేస్ 1990ల మొదట్లో ఇంకో అమెరికా పేటెంటు తీసుకుంది. పురుగుల కోసం తీసుకున్నవి ఇవీ. ఇవి యూరప్ పేటెంటులా రద్దు కాలేదు.

కారణం అప్పటి అమెరికా చట్టంలోనే ఉంది. విదేశంలో ఒక పద్ధతి వాడుకలో ఉందంటే అది లెక్కకు రాదు. ఎక్కడైనా అచ్చయి ఉంటే మాత్రం లెక్కకొస్తుంది. కోటి ఇళ్లలో వేపాకు వేస్తున్నా అది అమెరికా పేటెంటు కార్యాలయానికి కనిపించని వాడకం. 2011 చట్టంతో, 2013 మార్చి నుంచి మాత్రమే ఈ తేడా పోయింది. పసుపు కేసు గుర్తుచేసుకోండి. 1995లో వచ్చిన పసుపు పేటెంటును సీఎస్ఐఆర్ 1997లో అమెరికాలోనే రద్దు చేయించింది. ఎలా? అచ్చయిన ఆధారాలు పెట్టి, అందులో 1953 నాటి భారత వైద్య పత్రిక వ్యాసం ఒకటి. అమ్మమ్మల గాయాలకు పూసిన పసుపు గెలిపించలేదు, దాని గురించి ఎవరో ఒకరు రాసిన కాగితం గెలిపించింది.

యూరప్ వేప కేసు దారి వేరు. అక్కడి చట్టం బహిరంగ వాడకాన్ని ఒప్పుకుంటుంది. వందనా శివ సంస్థ, యూరోపియన్ పార్లమెంటు గ్రీన్స్ తరఫున మగ్దా అల్వూట్, అంతర్జాతీయ సేంద్రియ వ్యవసాయ సమాఖ్య కలిసి 1995లో అభ్యంతరం వేశారు. 2000 మేలో పేటెంటు రద్దయింది, 2005 మార్చి 8న అప్పీలూ పోయింది. రైతుల వాడకం గురించి వాదనలు చాలా వినిపించాయి. బరువు తూగిన సాక్ష్యం మాత్రం 1980ల మధ్యలో మహారాష్ట్ర పొలాల్లో వేపనూనె ప్రయోగాలు చేసిన ఒక తయారీదారుడిది. ఆయన తేదీలు, చోట్లు చెప్పగలిగాడు.

ఈ రోజుకు వస్తే పప్పుపురుగు అంతర్జాతీయ సంబంధాల సబ్జెక్టులోకీ వచ్చింది. దిగుమతయ్యే పప్పులకు బయల్దేరే రేవులోనే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టాలని మన 2003 మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు నియమం. ఆ వాయువు ఓజోన్‌కు హాని చేసేది; మాంట్రియల్ ఒప్పందం దాన్ని సాధారణ వాడకం నుంచి తొలగించి, క్వారంటైన్‌కు మాత్రం మినహాయించింది. చలి దేశమైన కెనడాలో అది సరిగా పనిచేయదు, అందుకని ఏళ్ల తరబడి మినహాయింపుల మీద మినహాయింపులు, వాటి చుట్టూ బేరాలు. దేశం లోపల 2015 డిసెంబరులో లక్షన్నర టన్నుల పప్పుల నిల్వకు అనుమతి వచ్చింది, 2016లో అది 20 లక్షల టన్నులకు పెరిగింది. అంటే అర్ధశతాబ్దం తర్వాత ప్రభుత్వం కూడా పప్పుకుండ పట్టుకుంది. అంత పెద్ద నిల్వకు వేపగింజల పొడి సరిపోదు, ఇది స్పష్టంగా రాయాలి. వేపలో చేదు పదార్థాల పాళ్లు చెట్టుకూ చెట్టుకూ మారతాయి, ప్రమాణాలు నిలపడం కష్టం, తినే పప్పుకు వాసన అంటుతుంది. గోదాములో అల్యూమినియం ఫాస్ఫైడ్ వంటివి తప్పవు. కానీ ఆ గోళీలు ప్రాణాంతకం, శిక్షణ ఉన్నవారి పర్యవేక్షణలోనే వాడాలి, ఇంటికి తేవడానికి వీల్లేదు. మరి పది కిలోల పెసర విత్తనం దాచుకునే చిన్న రైతుకు మిగిలేది ఏది? ఎండ, గాలి చొరని డబ్బా, చెంచాడు నూనె. 2000ల మొదట్లో ఖమ్మం జిల్లా పునుకుల రైతులు పొలంలో పురుగుమందు మానేసి వేపగింజల కషాయం పట్టుకున్నప్పుడు చేసిన ఎంపిక కూడా ఇలాంటిదే. అక్కడ లెక్క ఖర్చుది, ఆరోగ్యానిది.

చట్టం ఈ పద్ధతులను ఎలా చూస్తుందన్నది చివరి ముడి. పేటెంట్ల చట్టంలోని 3(పి) సెక్షన్ సంప్రదాయ జ్ఞానానికి పేటెంటు లేదంటుంది. 2001లో మొదలైన సంప్రదాయ జ్ఞాన డిజిటల్ గ్రంథాలయం ఆయుర్వేదం, సిద్ధ, యునానీ వంటి గ్రంథాల నుంచి తయారవుతుంది. కందులకు ఎర్రమట్టి ఆ గ్రంథాల్లో వెతికితే దొరికేది కాదు. భారత వ్యవసాయ పరిశోధనా మండలి 2002 నుంచి రైతుల పద్ధతులను సంపుటాలుగా నమోదు చేసింది, మంచి పని. జీవవైవిధ్య చట్టం, 2002 కింద ప్రతి గ్రామంలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. 2023 సవరణ వచ్చి గ్రంథస్థమైన జ్ఞానాన్ని వాడుకునేవారికి లాభాల పంపిణీ నుంచి మినహాయింపు ఇచ్చింది. ఫలితంగా రాసి ఉన్నదానికి ఒక నియమం, రాయనిదానికి మరొకటి. రాయకపోతే విదేశీ పేటెంటు కార్యాలయానికి కనిపించదు. గ్రంథస్థమైతే లాభంలో వాటా అడిగే వీలు తగ్గుతుంది. గ్రామ రిజిస్టరులో రాసినది గ్రంథస్థమైన జ్ఞానం కిందికి వస్తుందా రాదా అన్న వాదన మెయిన్స్‌కు బాగా పనికొస్తుంది. మీ ఊరి రిజిస్టరు పంచాయతీలో ఉంటే, వావిలాకు పేరు అందులో ఎక్కిందో లేదో ఈసారి సెలవుల్లో చూసిరండి.